రెండో రకం

జూన్ మొదటి వారానికి మార్కాపురంలో
వాన రాదు, పలకల దుమ్ము వస్తుంది.
రంపాల కింద నుంచి లేచి
ఆరేసిన చీరల మీద, మజ్జిగ కుండ మూత మీద,
మా అమ్మ కనురెప్పల మీద కూచుంటుంది.

ఎక్కడెక్కడి పిల్లలకో మన ఊరి పలకలే పోతాయని
మూడో క్లాసులో గురవయ్య సారు చెబితే
లేచి నిలబడి
"చెక్కలు కొట్టేది మా అమ్మే సార్" అన్నాను.
క్లాసంతా నవ్వింది.
నా చేతిలో పలకకి ఒక మూల లేదు.

మూల ఎగిరినవి, నెర్రె పడినవి,
నడుమ తెల్లచార పారినవి లారీ ఎక్కవు.
"రెండో రకం" అని మేస్త్రీ కాలితో పక్కకి తోస్తే
సాయంత్రానికి కొంగుచాటున ఒకటి మా ఇంటికొచ్చేది.
చారకి ఇవతలే రాసుకోమనేది అమ్మ.
అ ఆలు ఇవతలే సరిపోయాయి.
క్ష రాయాలంటే మాత్రం చార దాటాల్సొచ్చేది.

దొండాకూ పొయ్యిబొగ్గూ కలిపి రుద్దితే
రెండో రకం కూడా రెండు రోజులు నల్లగా మెరిసేది.
అమ్మ కొట్టిన చెక్కకి ఎడమవైపు కింది మేకు
ఎప్పుడూ ఓరగా దిగేది.
ఎవరింట్లో పలక కనిపించినా
ఇప్పటికీ ముందు ఆ మూలే చూస్తాను.

పలక కొనే పని లేదు గనక
మిగతావన్నా కొట్లో కొనాలని నా పంతం.
శనివారం బట్వాడా అయ్యాక
అమ్మ ముఖం కడుక్కుని, చెవుల వెనక దుమ్ము మర్చిపోయి
నన్ను కాశింపీరా కొట్టుకి తీసుకుపోయేది.

ఆ వాసన ఇప్పుడు ఎట్లా చెప్పను?
కొత్త కాగితం, మైదా జిగురు, ఆయన చెవిలో అత్తరు దూది,
కట్ట విప్పని ఖాకీ అట్టలు.
తొంభై ఆరు పేజీలవి నాలుగు, తెల్లవి ఒకటి,
లేబుళ్ళ షీటు, నీలం రీఫిళ్ళు రెండు.
అద్దాల బీరువాలో పసుప్పచ్చ కాంపాసు పెట్టె.
"అది ఆరో క్లాసుకి గదా" అనేది అమ్మ, ఐదులో.
ఆరులో, "కోణాలు ఏడుకి గదా మే ఉండేది" అనేది.

కాశింపీరా ఖాతా పుస్తకానికీ ఖాకీ అట్టే, లేబులుతో సహా.
నా పుస్తకాల మీద నా పేరు పడకముందే
ఆయన పుస్తకంలో మా అమ్మ పేరు పడేది.
"ఎంతేశాడో చూడు మే" అని అమ్మ గొణిగితే
గల్లాకి ఇవతల నిలబడి చదివేదాన్ని.
తలకిందులుగా చదవడం
బళ్ళో ఎవరూ నేర్పలేదు నాకు.

ఆ ఏడు
గులాబీరంగు రబ్బరొకటి, పనసతొనల వాసనది,
నా పిడికిట్లోకి ఎట్లా వచ్చిందో వచ్చింది.
కళ్ళజోడు పైనుంచి ఒక్కసారి చూసి
ఆయన చివరి వరసలో రాశాడు: రబ్బరు, 2.
కింద గీత గీసి, 43.

"ఎంత మే?"
"నలభై ఒకటి."

పై వారం అమ్మ నలభై ఒకటీ లెక్కపెట్టి ఇచ్చింది.
ఆయన రెండుసార్లు లెక్కపెట్టుకుని
ఖాతా మీద అడ్డంగా గీత కొట్టి
"సరిపోయిందమ్మా ఓబులమ్మా" అన్నాడు.
నా వైపు చూడలేదు.
చూసుంటే బాగుండేది.

ఆ రబ్బరుతో ఒక్క అక్షరమూ చెరపలేదు నేను.
వాసన పోయేదాకా వాసన చూశాను,
పోయాక కూడా.

మొన్న ఒంగోల్లో మా పిల్లకి
బడివాళ్ళే అన్నీ సంచిలో కట్టి ఇచ్చారు,
పేరు కూడా అచ్చేసి.
ఎంచుకునే పని లేక అది దిగాలుగా ఉంటే
ట్రంకు రోడ్డులో ఒక కొట్టు ముందు బండి ఆపి
"ఏదన్నా ఒకటి తీసుకో" అన్నాను.
అరగంట తిరిగి తిరిగి
మామిడిపండు ఆకారం రబ్బరొకటి తెచ్చింది,
అప్పటికే ముక్కు దగ్గర పెట్టుకుని.

బిల్లులో ఉన్నది ఒక్కటే వరస.
కౌంటరు కుర్రాడు వింతగా చూస్తుండగా
గట్టిగా చదివాను, ఎవరూ అడక్కపోయినా:
రబ్బరు, ఒకటి.
పది రూపాయలు.