ఋణ గుర్తు

వాల్పరాయిసోలో కొండ రైలు నడిపే ఒసియెల్
కాలానికీ మూడు కొలతలున్నాయంటాడు.
పొడవు మనకు తెలిసిందే,
వెడల్పు సముద్రపు పొగమంచులో కాస్త ఆనుతుందట,
లోతు సంగతే ఇంకా తేలలేదు.

ఏదీ కదలదు,
కాలమే పక్కకు ఒత్తిగిలుతుంది.
చిరిగిన టికెట్ల వెనక ముప్పై ఏళ్ల లెక్క.

సాంటియాగో ఆచార్యుల నుంచి ఒకే ఒక్క జవాబు:
"మూడో వరుసలో ఋణ గుర్తు తప్పు."

నవ్వి, కిటికీలోంచి చూపించాడు.
మేం ఎక్కుతుంటే
అదే తాడుకు కట్టిన రెండో పెట్టె
ఖాళీగా దిగిపోతోంది.
"అదుగో, ఆ గుర్తు!
తీసేస్తే నువ్వు పైకెలా వస్తావు?"

దిగాక వెనక్కి చూశాను.
నేను కొండెక్కానో
ఊరే కిందికి జారిందో,
నా టికెట్ మాత్రం ఆయన చింపనే లేదు.