గోడలు చదివే ఉద్యోగం

ఒతీలియా యందూరా అగ్గిపెట్టె తెరిచి
నా ముందు పెట్టింది.
పుల్లలు లేవు అందులో.
గుమ్మడి గింజంత పురుగు,
పొట్ట అంచున పసుపు గళ్ళు,
ఇంకా కాళ్ళాడిస్తోంది.
"రాత్రి నా చెంప మీద దొరికింది" అంది,
దొంగని పట్టిచ్చినంత గర్వంగా.

బొలీవియా చాకోలో, మేకలు తప్ప
ఎవరూ నడవని ఎండలో
నా ఉద్యోగం గోడలు చదవడం.
మట్టి ఇటుకల నెర్రెల్లో టార్చి వేస్తాను.
నల్లగా కారిన చారికలుంటే
లోపల కాపురం ఉన్నట్టే.
కోళ్ళ గూడుని ఆనుకుని మంచం,
మంచాన్ని ఆనుకుని గోడ,
గోడలో అది.

విన్చూకా అంటారిక్కడ.
దీపం ఆరాక దిగుతుంది.
దోమకున్నపాటి మర్యాద లేదు, పాడదు.
నొప్పి తెలియకుండా తాగి
తాగిన చోటే రెట్ట వేసి పోతుంది.
నిద్రలో గోక్కుంటాం చూడండి, అక్కడుంది అసలు సంగతి.
మన గోరే తలుపు తీస్తుంది.
కంటికానని జీవి
తోకాడించుకుంటూ
చుట్టంలా లోపలికొస్తుంది.

తర్వాత ఇరవై ఏళ్ళు ఏమీ కాదు.
ఏమీ కాదు.

మొన్న కమీరిలో డాక్టరు తెర మీద చూపించాడట:
గుండె పెద్దదైంది, దాని గోడలు పలచబడ్డాయి.
"మా ఆయన బతికుంటే బావుండు" అని నవ్వింది.
"పిడికెడు మొక్కజొన్న అప్పివ్వని
పిసినారి గుండె అనేవాడు నాది."
నాకు నవ్వు రాలేదు.
ఆ గోడలకి కొట్టే మందు
నా పంపులో లేదు.

ఒకటి చెప్పాలి.
మూడేళ్ళ కిందట ఈ తలుపు మీద సుద్దముక్కతో
'లేవు' అని రాసింది నేనే.
ఆ రోజు ఇంకో పదకొండిళ్ళు చూడాలి.
మంచం జరపలేదు.
అప్పటికే ఆమె గుండెలో చేరి ఉంటుందిలే
అని చెప్పుకుంటాను.
కానీ ఎర్మిండా?
ఆ మంచం మీదే పడుకునేది కూతురు.
ఆమె రక్తంలోనూ ఉందని తేలింది, ఏడో నెలలో.
కడుపులో తల్లి ఇచ్చిందా,
మంచం మీద నేను వదిలేసిన పురుగు ఇచ్చిందా
రక్తం చెప్పదు.
బిడ్డ పుట్టగానే మడమ మీద చిన్న పోటు,
ఉంటే అరవై రోజుల మందు.
పసివాళ్ళకి చాలావరకు నయమవుతుంది.
ఈ మాట రెండుసార్లు చెప్పాను.
రెండోసారి నాకోసం.

ఇవాళ మంచం జరిపాను.
పెట్టె కింద, పటం వెనక, పైకప్పు గడ్డిలో
అన్నీ చూశాను, లెక్క రాశాను.
పురుగుని సీసాలోకి మార్చి మూత బిగిస్తుంటే
ఒతీలియా చెయ్యి చాచింది:
"ఆ అగ్గిపెట్టె ఇటివ్వు."
జేబులోంచి పుల్లలు తీసి
ఒక్కొక్కటే అందులో పేర్చుకుంది,
సగంలో ఆగి
కాసేపు ఊపిరి తీసుకుని.