మొక్కుబడి ఆట

ఉదోన్ థానీ దాటాక చెరుకు తోటల నడుమ
పొలిమేర తాత గుడి.
ఎవరికో లాటరీ తగిలింది,
తాతకి మూడు సినిమాలు మొక్కుకున్నారట.
డబ్బు ఫోన్లో వచ్చింది. మనిషి రాలేదు.

తెర కట్టాను.
ఇరవై ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వేశాను.
ముందు వరస తాతకి,
వెనకవి ఆయన వెంట వచ్చేవాళ్లకి.
వాళ్లు ఈల వెయ్యరు,
హీరో ఆలస్యంగా వచ్చాడని అలగరు.
అగరొత్తి కాలినంతసేపు
కదలకుండా కూర్చుంటారని నమ్మకం.

నా పేరు సమ్రువయ్.
ఒకప్పుడు నాకు నలభై గొంతులు.

బ్యాంకాక్ నుంచి మూగ రీళ్లొచ్చేవి.
బొమ్మ వాళ్లది, నోరు మాది.
తెర పక్క చెక్కగూట్లో నేనూ, బువలై.
హీరో, విలన్, పోలీసు,
పక్కింటి ముసలాడు, తెల్లారగట్ల కోడి
అన్నీ నేనే.
ఆడగొంతులన్నీ ఆవిడవి, ఉయ్యాల్లో పసిగుడ్డుతో సహా.
ఒకే ఊపిరిలో అత్తయి తిట్టి, కోడలై ఏడ్చి
ఆ సందులోనే నా చేతిలో సిగరెట్ లాక్కుని
ఒక దమ్ము పీల్చేది.

చాపల మీద జనం. వేయించిన మిడతల పొట్లాలు.
చోటు చాలని పిల్లలు తెర వెనక్కి పోయేవాళ్లు,
అక్కణ్ణుంచి చూస్తే హీరో ఎడంచేత్తో కొట్టేవాడు.
విలన్ పారిపోతూ పారిపోతూ ఆగి
నా గొంతుతో అరిచేవాడు:
"ఊరిపెద్ద ఖంపన్ గారూ, మీ గేదె తాడు తెంపుకుంది!"
నిజంగానే తెంపుకునేది.
సగం మంది గేదె వెనక,
సగం మంది పొట్ట పట్టుకుని నేల మీద.

ఫిలిం తెగితే కథ తెగేది కాదు.
చీకట్లోనే పెళ్లి చేసేసేవాళ్లం.
బొమ్మ తిరిగొచ్చేసరికి ఇద్దరు పిల్లలు.

తర్వాత రీళ్లకి వాటి నోళ్లు వాటికొచ్చాయి.
మా గూడు కోళ్లకిచ్చాం.

మొన్న మనవరాలు ఖావ్‌ఫాంగ్ మాల్‌కి తీసుకెళ్లింది.
అక్కడ ఎనిమిది తెరలు. మంచం లాంటి కుర్చీ.
నేనేమీ నొక్కలేదు, అదే నా కాళ్లు పైకెత్తింది.
చలికి దుప్పటి కూడా ఇచ్చారు.
పక్కవాడు పక్క ఊళ్లో ఉన్నంత దూరం.
ఒకచోట గట్టిగా నవ్వాను.
"తాతా, ష్" అంది.
సినిమా ఎలా ఉందంటే ఏం చెప్పను,
నిద్ర మాత్రం బాగా పట్టింది.

బువలై పోయి ఆరేళ్లు.

ఇవాళ రెండో సినిమా మధ్యలో
ల్యాప్‌టాప్ మూగబోయింది.
తీగ ఊడిందో, నేనే ఊడదీశానో
తాతనడగండి.
మైకు అందుకున్నాను.
హీరోకి గొంతు దొరికింది,
విలన్‌కి కొంచెం దగ్గు కలిసింది.
అప్పుడు తెర మీద ఆ పిల్ల నోరు తెరిచింది.
నేను తెరవలేదు.
పెదాలు కదులుతున్నాయి,
కదులుతూనే ఉన్నాయి.
వెనక వరస కుర్చీల కేసి చూశాను.
చూస్తే తప్పేముంది.

రోడ్డు మీద బండి ఆగిన చప్పుడు.
వీపున తిండి పెట్టె, నెత్తిన హెల్మెట్, ఇరవై ఏళ్ల కుర్రాడు.
చక్కా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.
అది తాతది అనబోయి ఊరుకున్నాను.
"ఆ అమ్మాయేమంటోంది?"
"నువ్వే చెప్పు."
మైకు తీసుకున్నాడు. హెల్మెట్ తియ్యకుండానే
పిల్లిపిల్ల గొంతుతో,
"నాకు ఆకలేస్తోంది" అన్నాడు.
ఇంత చెత్త ఆడగొంతు నా జన్మలో వినలేదు.
నేను హీరోనై అడిగాను:
"మరి ఆ పెట్టెలో ఏముంది?"

అతని ఫోన్ మోగింది. ఎవరో తిడుతున్నారు.
కుర్రాడు తెర మీంచి కళ్లు తిప్పలేదు.
"వస్తున్నానండీ" అన్నాడు,
"సినిమాలో ఉన్నా."

పెట్టెలో ఎవరి నూడుల్సో
చల్లారుతున్నాయి.