వదులు కుట్లు

(వైట్‌చాపెల్, లండన్. 1899 సెప్టెంబరు)

హైడ్ పార్కు సభకని
మిసెస్ పెటిఫర్ జెండా కుట్టమంది.
"ఫ్రాన్సుకి సిగ్గులేదు"
ఎర్రగుడ్డ అక్షరాలు, అడుగెత్తు.
వచ్చే ఏడు పారిస్ ఎగ్జిబిషన్‌కి
గది వద్దని తంతి కూడా కొట్టిందట.
ఆ ఊపులోనే ఆరు పెన్నీలు తగ్గించమంది.
"మీవాళ్ళతో బేరమంటే మాటలా!" అని నవ్వింది.

నేను సూదిలోకి దారం ఎక్కిస్తున్నాను.

ఆ కెప్టెన్ గుండీలు
అందరిముందూ పీకారు కదా,
పటపటా ఊడొచ్చాయట.
సిపాయి కోటు గుండీ అలా ఊడదు.
ముందురాత్రే ఎవడో
దీపం దగ్గరికి లాక్కుని
కుట్లు వదులుచేసి ఉంటాడు,
నాలాంటి దర్జీయే.
కూలెంత ఇచ్చారో.

తెల్లారేసరికి జెండా అయింది.
సిగ్గు అన్నచోట మాత్రం
రెండు వరసలు కుట్టాను,
ఎవరు పీకినా రాకుండా.