గుంజ

త్రిపురారం వడ్ల సెంటర్‌ల నాకిచ్చింది పాత ల్యాప్‌టాప్.
'ఎస్' మీట ఊడిపోయింది,
కింది రబ్బరును గోరుతో నొక్కాలె.
మా దిక్కు సగం మంది సైదులే, సైదమ్మలే.

మొదటి వరుసల లెక్క కుదిరింది:
తూకం ఇంటూ రేటు.
గడి మూల పట్టి కిందికి గుంజిన.
రెండో వరుస నుంచి అందరికీ సున్నా.
ధీరావత్ లక్పతి తెరలకు తొంగి చూసి
"నా వడ్లు ఏడబాయె బిడ్డా?" అన్నడు.

వడ్లు ఏడికీ పోలే. రేటే పోయింది.
వరుస ఒక మెట్టు దిగితే
తల్లెంబడి దూడ లెక్క
రేటు గూడ దిగింది, ఖాళీ గడిలకు.

మిల్లు గుమాస్తా పురుషోత్తం ఫోన్ల చెప్పిండు:
డాలర్ గుర్తు పెట్టమ్మా,
అక్షరం ముందట ఒకటి, అంకె ముందట ఒకటి.
డాలర్లతోని మాకేం పని అని నవ్విన.
పెట్టి చూస్తే అది పైసల గుర్తు కాదు,
గుంజ.
నేనెంత గుంజినా గుంజ కదలలే.
అక్షరం ముందట ఒక్కటే పాతితే
అడ్డం పోదు, నిలువు పోతది.
అది గూడ నేర్చుకున్న.

తర్వాత తరుగు.
మిల్లోళ్లు ఒక్క గడిల రాసి పంపిండ్రు:
బస్తాకు రెండు కిలోలు,
రెండు దిక్కుల గుంజలు పాతి.
మూడు వందల పన్నెండు వరుసలు
ఆ ఒక్క గడికే కట్టేసున్నయి.
లక్పతి వడ్లు పదకొండు రోజులు
తారు రోడ్డు మీద కాళ్లతో తిరగేసినవి,
పిడికిట్లకెల్లి ఇడిస్తే గలగలమన్నయి.
ఆయనకూ రెండే.

కరెంటు లేని రాత్రి, బ్యాటరీ పదమూడు శాతం ఉండంగ
ఆ గుంజలు పీకేసిన.
తేమ మిషన్ ఎవరి వరుసల ఏం చూపిస్తే
వాళ్ల తరుగు అంతే.
మళ్ల కిందికి గుంజిన.

లక్పతికి అరకిలో.
సోమారం వానకు తడిసిన సైదమ్మకు
మూడుంబావు.
నలభై ఒకటో వరుస మాది: నాలుగు.
ఆ వాన నాడు మా కుప్ప మీద పరదా కప్పేటోళ్లు లేకుండె.
నేను ఈడ్నే కూసోని
గడులు నింపుతున్న.

వెనక్కి తీసుకునే మీట యాడుందో తెలుసు.
పొద్దుగాల సైదమ్మ వస్తది,
మొన్న ఛాయ్ పోసిన చేత్తోనే చీటీ అడుగుతది.
ఏం చెప్పాలెనో ఇంకా తెల్వదు.

దాచిపెట్టాలన్నా ఆ 'ఎస్' మీటే.
గోరు పెట్టి నొక్కిన.
పడ్డదో లేదోనని
ఇంకోసారి.