మూడో నంబరు ఊట

ఫుజైరా కొండల నడుమ
ఒక వాదీకి అడ్డం పడుకున్న కట్ట ఇది.
సిమెంటు ముఖం, మన్ను కడుపు.
నలభై మూడేండ్ల వయసు.
కింద మూడు వందల ఇండ్ల నల్లాలు
దీని దిక్కే చూస్తుంటయి.
బల్దియా కార్డు మీద నా పేరు ఎడ్ల లస్మయ్య, వాచ్‌మన్.
ఇక్కడా బల్దియానే, మా కోరుట్లలోనూ బల్దియానే.
జీతం ఆలస్యమైతే రెండూ ఒక్క తీరుగనే మాట్లాడుతయి.

పొద్దున లేస్తే ఊటలు కొలవాలె.
కట్ట అడుగున మూడున్నయి.
బకెట్ పెట్టి, ఫోన్‌ల టైం చూసి,
నిండెటందుకు ఎన్ని నిమిషాలో రాయాలె.
తర్వాత చాయ్ గ్లాసుల పట్టి ఎండకు ఎత్తాలె.
తేటగుంటే కట్టకు చెమట పట్టినట్టు.
మబ్బుగుంటే లోపలి మన్ను కరిగి వస్తున్నట్టు.
అప్పుడు రాయొద్దు, ఉరకాలె.
ఖల్ఫాన్ సాబ్ మొదటి రోజు చెప్పిన పాఠం
ఇదొక్కటే.

మూడో నంబరు ఊట కాడ
నేనే పుంటికూర వేసిన.
మెట్‌పల్లి నుంచి వచ్చినాయన
జేబుల తెచ్చిన గింజలు.
సిల్హెట్ మొఫిజుల్ దాన్ని చేపల పులుసుల వేసి,
మా దగ్గర దీనికి వేరే పేరున్నదన్నడు.
పేరేదైనా పులుపు ఒక్కటే.

మొన్న తనిఖీ వాళ్లు వచ్చిన్రు.
నడుముకు తాళ్లు కట్టుకొని దిగి,
చిన్న సుత్తెతో తట్టి,
చెవి ఆనించి విన్నరు.
పగుళ్ల మీద పేరిన తెల్లటి ఉప్పును
గీకి డబ్బీలల్ల వేసుకున్నరు.
పొద్దుమూకంగ నా కుర్చీల కూసోనే మార్కు వేసిన్రు:
ఐదుకు రెండు.
ఇప్పుడే కూలదు, అట్లని నమ్మలేం.

కారణాలల్ల ఏడోది,
దిగువ పాదాన అనుమతి లేని పచ్చదనం.
ఖల్ఫాన్ సాబ్ అది హిందీల చదివి వినిపించిండు గని
నా మొఖం దిక్కు చూడలేదు.
ఆయన కూడా తిన్నడు మరి.

నాకూ రెండేండ్లకొకసారి మార్కుంటది.
నెత్తురు తీస్తరు, ఛాతి ఫోటో తీస్తరు.
ఫిట్ అంటే ముద్ర, అన్‌ఫిట్ అంటే విమానం.
కట్టకు అట్ల లేదు.
రెండే మార్కులొచ్చినా
రేపు పొద్దున నీళ్లు మొయ్యాల్సిందే.
ఎవరిది నయమో
రాత్రంతా ఆలోచించినా తెగలేదు.

ఇయ్యాల కూర పీకిన.
వేర్లు కిందికి పోలేదు,
కట్ట లోపలికి పాకినయి, మూరెడు పొడుగు.
ఆ సందుల్ల చెయ్యి పెడితే
దూడ మూతి అంత చల్లగున్నది.
సాబ్ రాసింది నిజమే.
ఏడాది సంది నేను సంబరపడి కోసుకున్నది
కట్ట జబ్బును.

ఆఖరు కట్ట మొఫిజుల్‌కిచ్చిన.
గింజలు మాత్రం దాచిన, ఎందుకో.

ఇప్పుడు కొండ మీద ఉరుములు.
నీళ్లు గంటకు జానెడు ఎక్కుతున్నయి.
టార్చి వెలుగుల గ్లాసు ఎత్తి పట్టిన.
అడుగున ఒక్క నలక.
కట్టదా,
నా గోళ్లల్ల మిగిలిన మట్టిదా?

గ్లాసు కడుగుతున్న.
చేతులు కడుగుతున్న.
మళ్లీ పడుతున్న.