సత్రం బోర్డు

న్యూయార్క్ రేవులో ఓడెక్కేటప్పుడు
అందరూ వెండి గిన్నెలు దాచుకున్నారు.
మా ఆయన ఎజికియల్ మాత్రం
సత్రం గుమ్మానికి వేలాడిన రాజుగారి బొమ్మపలకని
పసిబిడ్డలా దుప్పటిలో చుట్టాడు.
ఒక చెంపకి ఇంకా తారు,
పక్కింటివాళ్ళు పూసింది.
మా పొయ్యి మీద కాచిన తారే.

నోవా స్కోషియాలో ఇస్తామన్న నేల
రాయి. రాయి మీద మంచు.
డేరాలో మూడో నెల,
చిన్నది టాబితాకి జ్వరం. చితుకు కూడా లేదు.

గొడ్డలి నేనే తీశాను.
ఆయన టోపీ తీసి, బయటికెళ్ళి నిలబడ్డాడు.

ఓక్ చెక్క. తెల్లారేదాకా మండింది.
ముందు అంటుకున్నది తారున్న చెంపే.
రాజుగారి వల్ల మాకు వెచ్చగా గడిచిన రాత్రి
అదొక్కటే.

పొద్దున్నే బూడిదలో మేకులు ఏరాడు ఎజికియల్.
వంకరవి రాతి మీద పెట్టి
కొట్టి కొట్టి సాపు చేశాడు.